నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల గీత పడితే ముందు రంగు డబ్బా పక్కన పెట్టండి

పార్కింగ్‌లో గోడ అంచు రాసుకునో, పక్కనున్న బండి తగిలో, కారు టైరు పైన వంపుగా ఉండే నల్ల ప్లాస్టిక్ మీద జానెడు పొడుగు తెల్ల గీత పడుతుంది. నల్లటి దాని మీద తెల్లగా ఉంటుంది కాబట్టి పది అడుగుల దూరం నుంచి కూడా కనిపిస్తుంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అప్పుడు ఎక్కువమంది చేసే పని నల్ల స్ప్రే డబ్బా తెచ్చి కొట్టేయడం. దయచేసి ఆ పని చేయకండి, కనీసం ఇది మొత్తం చదివేదాకా ఆగండి. ఎందుకంటే గీతని బాగు చేయడం తేలికే, గీత మీద కొట్టిన రంగుని వదిలించడం మాత్రం చాలా కష్టం.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోవాలి. గీత పడిన చోట రంగు పోలేదు. పోవడానికి అక్కడ పైపూత అంటూ ఏదీ లేదు. బంపర్ కింద అంచు, టైర్ల చుట్టూ ఉండే వంపు, తలుపుల కింద పట్టీ, ఇలా రంగు వేయకుండా వదిలేసిన నల్ల ప్లాస్టిక్‌లో నలుపుని ముద్దలోనే కలిపి పోతపోస్తారు. బొగ్గు ముక్కని ఎక్కడ విరిచినా లోపల నలుపే ఉన్నట్టు, దీన్ని ఎంత లోతుకి గీసినా కింద ఉండేది అదే నలుపు. మరి తెల్లగా ఎందుకు కనిపిస్తోంది? ప్లాస్టిక్ స్కేలుని గట్టిగా వంచితే వంచిన చోట తెల్ల చార వస్తుంది చూశారా, అదే ఇది. సాగదీసినప్పుడు, చెక్కినప్పుడు లోపల కంటికి కనబడనంత చిన్న ఖాళీలు ఏర్పడి, వాటి మీద పడ్డ వెలుతురు అన్ని వైపులకీ చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది. గాజులా ఉన్న ఐసు గడ్డని దంచితే తెల్లటి పొడి అయినట్టే. దానికి తోడు ఈ ప్లాస్టిక్ గట్టిగా ఉండటానికి అందులో టాల్క్ పొడి కలుపుతారు, పౌడర్ డబ్బాల్లో వాడే ఖనిజమే, గీత పడ్డప్పుడు అది బయటపడి తెలుపుని ఇంకా పెంచుతుంది.

ఇప్పుడు ఫోన్ కెమెరాని గీతకి బాగా దగ్గరగా పెట్టి, జూమ్ చేసి ఒక ఫోటో తీయండి. నేను ప్రతిసారీ ఇదే మొదట చేస్తాను. మంచిగా ఉన్న చోట తోలు మీద ముడతల్లాగా చిన్న చిన్న గుట్టలు, వాటి మధ్య సన్నటి లోయలు కనిపిస్తాయి. గీత వెళ్ళిన దారిలో ఆ గుట్టల నెత్తులు చెక్కుకుపోయి ఉంటాయి, చెక్కిన పొట్టు గీత చివర ఒక పక్కకి పీచులా లేచి ఉంటుంది, మధ్యలో తెల్లబారిన గాడి ఉంటుంది. అంటే దెబ్బలు మూడు: తెల్లబారడం, పీచు లేవడం, గరుకు పోవడం. మొదటిది వేడి తగిలితే పోతుంది. రెండోది బ్లేడుతో పోతుంది. మూడోదే అసలు సమస్య, కష్టమంతా దాని దగ్గరే. మీ గీతలో ఈ మూడింట్లో ఏవి ఉన్నాయో తెలిస్తే ఎంత పని చేయాలో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

చేయి పెట్టేముందు అది ఏ ప్లాస్టిక్కో కూడా చూసుకోవాలి. విడి ముక్క అయితే వెనక్కి తిప్పి చూడండి, బాణం గుర్తుల మధ్య అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్, పక్కన ఈపీడీఎం అని ఉంటే అందులో రబ్బరు కలిపారని, టీ20 అని ఉంటే టాల్క్ 20 శాతం ఉందని అర్థం. గరుకుగా ఉండే నల్ల భాగాల్లో ఎక్కువ శాతం ఈ జాతివే. ఏబీఎస్, ఏఎస్ఏ, పీసీ ప్లస్ ఏబీఎస్ అని ఉంటే అవి వేరే జాతి, వేడికి వీటి తీరు వేరు. పీపీ కరిగేది దాదాపు 160 డిగ్రీల దగ్గర, ఏబీఎస్ మాత్రం 100 దాటగానే మెత్తబడిపోతుంది. ఒకదానికి పనికొచ్చిన వేడి ఇంకోదాన్ని వంకర తిప్పేస్తుందన్నమాట. చిన్న ముక్క నీళ్ళలో వేసి తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్ అని ఒక పరీక్ష చెబుతుంటారు, బండి ప్లాస్టిక్ విషయంలో దాన్ని నమ్మకండి. ఉత్త పీపీ నీళ్ళ కంటే తేలికే కానీ, 20 శాతం టాల్క్ కలిపాక అది కూడా మునుగుతుంది. అంతకంటే నమ్మదగ్గ గుర్తు ఒకటుంది: కనబడని మూల శాండ్ పేపర్‌తో రెండుసార్లు రుద్దండి, పొడిలా రాలితే ఏబీఎస్ లాంటిది, పొడి రాలకుండా మైనంలా సాగి పీచు లేస్తే పీపీ జాతి.

ఇక కడగడం. దీన్ని చిన్నచూపు చూడొద్దు, ఎందుకంటే "గీత" అనుకున్నవాటిలో చాలావాటికి ఈ దశలోనే పని అయిపోతుంది. షాంపూ నీళ్ళు, మెత్తటి బ్రష్ తీసుకుని గరుకు లోయల్లో దూరిన మట్టి, పాత పాలిష్ తెల్లదనం అంతా పోయేలా అన్ని వైపుల నుంచీ రుద్ది, కడిగి, ఆరనిచ్చి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. థిన్నర్, పెట్రోల్ వద్దు. నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్ అసలే వద్దు, అది ఏబీఎస్‌ని కరిగించేస్తుంది. కడిగాక గోరు అడ్డంగా గీసి చూడండి. గోరు ఎక్కడా తట్టకుండా జారిపోతూ, మరక మాత్రం ఎత్తుగా పైకి ఉన్నట్టు అనిపిస్తే అది గీత కాదు, మీ ప్లాస్టిక్‌కి తగిలిన గోడ సున్నమో, అవతలి బండి రంగో అంటుకుని ఉంది. దానికి మామూలు తెల్ల రబ్బరు, పిల్లలు పెన్సిల్ రాతలు చెరిపేది, తీసుకుని ఓపిగ్గా రుద్దితే చాలావరకు ఊడొస్తుంది. మిగిలింది ఆల్కహాల్‌తో పోతుంది. గోడలు తుడిచే తెల్ల మెలమైన్ స్పాంజి కూడా పనిచేస్తుంది కానీ అది నిజానికి చాలా సన్నటి శాండ్ పేపర్ లాంటిదే, గట్టిగా రుద్దితే గుట్టల నెత్తులు అరిగి ఆ ముక్క నున్నగా మెరుస్తుంది, నిగనిగలాడే ప్లాస్టిక్ మీదైతే దాన్ని తాకించనే వద్దు.

గోరు తట్టీ తట్టకుండా, గాడి పైపైనే ఉంటే దానికి మందు వేడి. మొదట హెయిర్ డ్రయ్యర్‌తోనే మొదలుపెట్టమంటాను, తెల్లబారిన సన్న గీతలు కొన్ని దానికే తగ్గుతాయి, పైగా పాడు చేసే ప్రమాదం దాదాపు లేదు. రెండు మూడు నిమిషాలు ఆడించినా మార్పు లేకపోతే అప్పుడు హీట్ గన్. ఇక్కడే జాగ్రత్త కావాలి. హీట్ గన్ మూతి నుంచి వచ్చే గాలి 300 నుంచి 600 డిగ్రీల దాకా ఉంటుంది, మన ప్లాస్టిక్ కరిగేది 160 దగ్గర. ఆ తేడా చూస్తేనే తెలుస్తుంది, కాపాడేది మీ చేతి కదలిక మాత్రమే.

ముందు పక్కనున్న రంగు భాగాలకి మాస్కింగ్ టేప్ రెండు వరసలు వేసి, దాని మీద మడిచిన తడి గుడ్డ అడ్డం పెట్టండి. ఆల్కహాల్ పూర్తిగా ఆరిందో లేదో చూసుకోండి, అది ఇట్టే అంటుకుంటుంది, సీసా మూత పెట్టి దూరంగా పెట్టాకే గన్ ఆన్ చేయండి. గన్‌ని తక్కువ సెట్టింగ్‌లో పెట్టి, జానెడు దూరంలో, ఇస్త్రీ పెట్టె ఆడించినట్టు గీత వెంట ఇటూ అటూ ఆపకుండా ఆడిస్తూ ఉండండి. గీత మీదే కాకుండా చుట్టుపక్కల అరచేతి వెడల్పు కూడా వేడెక్కాలి, లేకపోతే గీత ఉన్న చోట ఒక రకం నలుపు, పక్కన ఇంకో రకం నలుపు అయి అతుకు వేసినట్టు కనిపిస్తుంది. కొంతసేపటికి తెల్ల చార అంచుల నుంచి లోపలికి నల్లబడుతూ రావడం కళ్ళ ముందే కనిపిస్తుంది, చూడటానికి ఎంత బాగుంటుందో. ఉపరితలం కాస్త తడిసినట్టు మెరవడం మొదలవగానే గన్ పక్కకి తీసేయండి. అదే ఆఖరి హెచ్చరిక. పూర్తిగా చల్లారనిచ్చి, చూసి, కావాలంటే రెండోసారి చేయండి. ఒకేసారి తేల్చేద్దామని కూర్చోవద్దు.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి చేసినప్పుడు వెనక చక్రం వంపు మీద వేలెడు గీత తొందరగా పోవాలని గన్‌ని ఒకే చోట పట్టుకున్నాను, నాలుగైదు సెకన్లు ఉంటుందేమో. గీత పోయింది, దాంతోపాటు గరుకూ కరిగిపోయి అక్కడ రూపాయి బిళ్ళంత నున్నటి మచ్చ మిగిలింది. నీడలో కనబడదు, ఎండ ఏటవాలుగా పడితే తళుక్కుమంటుంది. ఆ గీతని అలాగే వదిలేసినా అంత కనిపించేది కాదు. ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది, ప్రతిసారీ దాన్ని చూశాకే గన్ పట్టుకుంటాను.

ఎండకి వెలిసి బూడిద రంగుకి తిరిగిన ప్లాస్టిక్‌కి కూడా ఇదే హీట్ గన్ కిటుకు వాడతారు, కాలం వెనక్కి తిరిగినట్టు చిక్కటి నలుపు వచ్చేస్తుంది కూడా. కానీ అది పైపొరని కరిగించి మళ్ళీ సర్దడమే తప్ప, ఎండని తట్టుకోవడానికి మొదట్లో కలిపిన మందులు అరిగిపోయి ఉంటే వాటిని తిరిగి తెచ్చేది కాదు. కాబట్టి ఒకసారి చేసి, పైన ఏదైనా రక్షణ పూత వేస్తే సరే, ప్రతి నాలుగు నెలలకీ గన్ పెట్టడం అలవాటు చేసుకుంటే మాత్రం ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది.

గోరు టక్కుమని ఆగేంత గాడి ఉండి, అంచున పీచు లేచి ఉంటే, వేడికి ముందు ఆ పీచు తీయాలి. కొత్త బ్లేడు తీసుకుని, దాదాపు ఉపరితలానికి అంటుకుపోయేంత వాలుగా పట్టుకుని, పీచు వాలిన దిక్కుకి ఎదురుగా చెక్కండి. లాగకండి, కోయండి. లాగితే పీచుతో పాటు కింద ప్లాస్టిక్ కూడా చీరుకుంటూ వస్తుంది. ఇక్కడ శాండ్ పేపర్ జోలికి వెళ్ళొద్దని నా గట్టి సలహా, ఎందుకంటే గీత ఒక మిల్లీమీటరు వెడల్పు ఉంటే శాండ్ పేపర్ రెండు వేళ్ళ వెడల్పున గరుకుని తినేస్తుంది, అప్పుడు చిన్న గీత కాస్తా పెద్ద నున్నటి పట్టీ అవుతుంది. పీచు తీసి వేడి చేశాక, తెలుపు పోయి నల్లటి గాడి మాత్రమే మిగులుతుంది. నిజం చెప్పాలంటే చాలామందికి ఇక్కడితో చాలు. నల్లటి దాని మీద నల్లటి గాడి నాలుగడుగుల దూరం నుంచి కనబడదు.

చాలదనుకుంటే, పోయిన గరుకుని తిరిగి అచ్చు వేయొచ్చు. ఇది నాకు చాలా ఇష్టమైన పని, కాస్త వివరంగా చెబుతాను. మా తమ్ముడి బండికి డిక్కీ దగ్గర బంపర్ పై అంచు మీద, సూట్‌కేసులు ఈడ్చి ఈడ్చి, పక్కపక్కనే ఏడు గాడులు పడ్డాయి. అదే బంపర్ మీద దెబ్బ తగలని మూల ఒకటి చూసుకుని, శుభ్రంగా కడిగి, వేలితో సబ్బు నీళ్ళు పల్చగా రాసి ఆరనిచ్చి, దాని మీద కిటికీలకి పెట్టే సిలికాన్ సీలెంట్, పుల్లటి వాసన రాని రకం, అగ్గిపెట్టె అంత మేర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పరిచాను. మొదట వేలితో గట్టిగా అద్ది లోయల్లోకి దూరేలా చేసి, ఆ తర్వాత మందం పెంచాలి, లేకపోతే గాలి బుడగలు చిక్కుకుని అచ్చులో గుంటలు పడతాయి. ఒక రోజంతా వదిలేసి మర్నాడు మూల నుంచి ఒలిస్తే అరటి తొక్కలా ఊడొచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే బంపర్ మీద గుట్టలున్న చోట ఇందులో గుంటలు, లోయలున్న చోట గట్లు, అచ్చం ముద్ర. దాన్ని వెనక నుంచి ఒక చిన్న చెక్క ముక్కకి అతికించాను, చేతికి పట్టు ఉండాలి కదా.

తర్వాత గాడి మీద వేడి పెట్టి, ఇందాక చెప్పిన ఆ తడి మెరుపు కనబడగానే గన్ పక్కన పెట్టేసి, వెంటనే అచ్చుని నిటారుగా ఆనించి, పది పదిహేను సెకన్లు కదలకుండా నొక్కి పట్టాలి. జరపకూడదు, తిప్పకూడదు. సిలికాన్ 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది కాబట్టి దానికేమీ కాదు. తీసి చూస్తే గాడి ఉన్న చోట గుట్టలు మళ్ళీ లేచి ఉన్నాయి, మొదటిసారి చూసినప్పుడు నమ్మలేకపోయాను. ఏడింట్లో ఐదు బాగా వచ్చాయి, రెండు లోతైనవి సగం సగం. పక్క ముద్రకీ దీనికీ అంచులు కలిసేలా అచ్చుని ప్రతిసారీ కొంచెం వేరే కోణంలో పెట్టండి, లేకపోతే ఒకే డిజైన్ వరసగా ముద్రలు వేసినట్టు తెలిసిపోతుంది. పాత బ్యాగు తోలు ముక్కతో కూడా నొక్కుతారు, పని జరుగుతుంది కానీ తోలు గీతలు వేరు, బండి గరుకు వేరు, పక్కపక్కన తేడా కనిపిస్తుంది.

ఒక ఇబ్బంది ఉంది. వెనక ఏ ఆధారం లేకుండా గాల్లో ఉండే పల్చటి భాగాన్ని వేడి మీద నొక్కితే లోపలికి దిగిపోతుంది. అలాంటప్పుడు ఆ ముక్కని క్లిప్పులు తీసి విప్పి, చదునైన బల్ల మీద పెట్టి చేసుకోవడం మేలు. చలిగా ఉన్నప్పుడు క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, గోరువెచ్చటి నీళ్ళు పోసి కాస్త మెత్తబడ్డాక విప్పండి.

ఇక ముక్క ఎగిరిపోయేంత లోతు దెబ్బ, లేదా పగులు. ఇక్కడ నా మాట సూటిగా చెబుతాను: ఆ ముక్క క్లిప్పులతోనో స్క్రూలతోనో విడిగా ఊడొచ్చేదైతే, మార్చేయండి. గరుకు ప్లాస్టిక్ మీద లప్పం పెట్టి, రుద్ది, గరుకు స్ప్రే కొట్టి, రంగు వేసి పక్క భాగంతో కలపడానికి పట్టే కష్టం చాలా ఎక్కువ, ఫలితం మాత్రం అంత తృప్తిగా ఉండదు. పూర్తి బంపర్‌లో భాగమై, విడిగా మార్చే వీల్లేనప్పుడు మాత్రమే ఈ దారి పట్టండి.

అప్పుడు కూడా రేకుకి పెట్టే మామూలు లప్పం పెట్టకండి, అది గట్టిగా బిగుసుకుంటుంది, బంపర్ మాత్రం వంగుతూ ఉంటుంది, చిన్న దెబ్బకే పెచ్చులూడిపోతుంది. ప్లాస్టిక్ బంపర్ల కోసమే చేసిన, రెండు ట్యూబులు కలిపి వాడే, వంగే గుణమున్న ఫిల్లర్ కావాలి. గాడిని లోపలికి వాలుగా, పళ్ళెం ఆకారంలో విప్పి, 80 నంబరు శాండ్ పేపర్‌తో చేత్తో గీకి, ఉపరితలానికి పట్టు ఇవ్వండి. మెషీన్ పెట్టి గబగబా తిప్పితే పీపీ వేడెక్కి కరిగి పీచులు లేస్తుంది, చేత్తో నిదానంగా చేయడమే మంచిది. ఫిల్లర్ పెట్టే ముందు అడ్హీషన్ ప్రమోటర్, అంటే పై పొర ప్లాస్టిక్‌ని పట్టుకునేలా చేసే పూత, కొట్టాలి. ఇది ఎందుకో తెలిస్తే ఎప్పటికీ మర్చిపోరు: శుభ్రమైన పీపీ మీద నీటి చుక్క వేయండి, పరుచుకోకుండా తామరాకు మీద చుక్కలా గుండ్రంగా నిలబడుతుంది. నీళ్ళనే అంటనివ్వనిది రంగుని, లప్పాన్ని ఎలా పట్టుకుంటుంది? స్ప్రే డబ్బా తెచ్చి నేరుగా కొట్టేసినవాళ్ళకి కొన్ని నెలల్లో పొరలు పొరలుగా లేచిపోయేది ఇందుకే. ప్రమోటర్ పల్చగా కొట్టి, దాన్ని రుద్దకుండా, డబ్బా మీద రాసిన గడువు లోపలే పై పొర వేసేయాలి, గడువు దాటితే మళ్ళీ కొట్టాలి.

ఫిల్లర్ గట్టిపడ్డాక 180, ఆ తర్వాత 320 తో చదును చేసి, చుట్టూ ఒక అతుకు నుంచి ఇంకో అతుకు దాకా, లేదా మలుపు నుంచి మలుపు దాకా, ఆ భాగం మొత్తం తీసుకోండి. మధ్యలో ఆపిన పని ఎప్పుడూ కనిపిస్తుంది, అంచు దగ్గర ఆపితే కన్ను పట్టుకోదు. మళ్ళీ ప్రమోటర్, దాని మీద గరుకు స్ప్రే దూరం నుంచి దుమ్ములా పడేలా రెండు మూడు పల్చటి పొరలు, తర్వాత ప్లాస్టిక్ ట్రిమ్‌కి వాడే నల్ల రంగు. ప్రతి పొరకీ మధ్య పది పదిహేను నిమిషాలు ఆగండి. దగ్గరగా పెడితే బొబ్బల్లా ముద్దలు పడతాయి, దూరం పెడితే సన్నటి ఇసుకలా పడుతుంది, కాబట్టి ముందు ఒక అట్ట ముక్క మీద కొట్టి మీ బండి గరుకుతో పోల్చి చూసుకున్నాకే మొదలుపెట్టండి. గాలి ఆడే చోట, ముక్కుకి మంచి మాస్క్ పెట్టుకుని చేయండి, గుడ్డ కట్టుకుంటే ఆ ఆవిరి ఆగదు.

ఈ మధ్య బళ్ళలో వెనక మూలల్లో బంపర్ లోపల రాడార్ ఉంటోంది, పక్క నుంచి వచ్చే బండిని పసిగట్టేది. ముందు వైపు కూడా ఉండొచ్చు. వీటిలో చాలావరకు 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, అంటే ఆ తరంగం పొడవు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, దాని దారిలో మీరు రెండు మిల్లీమీటర్ల ఫిల్లర్ పెడితే అది తప్పుగా చూసే అవకాశం ఉంది. రాడార్ ఎదురుగా ఉన్న మేర ఫిల్లర్, మందపు రంగు పెట్టకండి. పార్కింగ్ సెన్సర్ల చుట్టూ అయితే హీట్ గన్ దగ్గరికి తీసుకెళ్ళకండి, సెన్సర్ విప్పి పక్కన పెట్టుకుని చేయండి.

కిటికీల మధ్య స్తంభాల మీద, ముందు గ్రిల్ మీద ఉండే నిగనిగలాడే నల్ల ప్లాస్టిక్ సంగతి పూర్తిగా వేరు. దానికి హీట్ గన్ విషంతో సమానం. గుడ్డతో తుడిచినందుకే సాలెగూడులా పడే సన్న గీతలకి పాలిష్ చాలు, మెత్తటి స్పాంజి మీద బఠాణీ గింజంత వేసి చేత్తో గుండ్రంగా రుద్దండి. గోరుకి తెలిసీ తెలియని గీత అయితే 2000 వాటర్ పేపర్‌ని పది నిమిషాలు సబ్బు నీళ్ళలో నానబెట్టి, వేలితో కాకుండా ఒక మెత్తటి రబ్బరు ముక్కకి చుట్టి, తేలిగ్గా అరచేయంత మేర రుద్దండి, మసకగా అవుతుంది, కంగారు పడొద్దు, తర్వాత 3000 తో రుద్ది, కాంపౌండ్ అనే అరగదీసే ముద్ద, ఆఖరున పాలిష్. మధ్య మధ్యలో తుడిచి చూసుకోవాలి. వీటిలో కొన్నిటి మీద క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పూత, ఉంటుంది, అది 40, 50 మైక్రాన్లు ఉంటే ఎక్కువ, వెంట్రుక మందం కూడా కాదు. అంచుల దగ్గర ఇంకా పల్చన, అందుకే అంచులకి టేప్ వేశాకే మొదలుపెట్టండి. గోరు ఆగే గీత ఉంటే తీసేద్దామని పంతం పట్టకండి, సన్నగా చేసి వదిలేయండి.

క్రోమ్ మెరుపు ఉన్న ప్లాస్టిక్ మీద గీత పడితే రుద్దడం అనే మాటే లేదు. పైన ఉండే క్రోమ్ ఒక మైక్రాన్ కూడా ఉండదు, దాని కింద నికెల్, రాగి, ఇంకా కింద ప్లాస్టిక్. మార్చడమో, నల్ల వినైల్ అతికించి కప్పేయడమో, రెండే దారులు.

పని అంతా అయ్యాక ప్లాస్టిక్ మొత్తానికి ఒకేలా పూత వేస్తే, బాగు చేసిన చోటు పక్కదానిలో కలిసిపోతుంది. తడి మెరుపు వచ్చే సిలికాన్ రకం రెండు వానలకి కడుక్కుపోతుంది, దుమ్ము కూడా పట్టుకుంటుంది. గట్టిపడే సిరామిక్ రకం నెలల తరబడి నిలబడుతుంది, కానీ వేశాక ఒక రోజు తడి తగలకూడదు. ఏదైనా సరే చాలా తక్కువ వేసి, మొత్తం పరిచి, మిగిలింది వేరే గుడ్డతో తుడిచేయండి, లోయల్లో నిలిచిపోతే చారలు కడుతుంది. ఒక్కటి మర్చిపోవద్దు: రంగు వేసే ఆలోచన కొంచెమున్నా ముందు సిలికాన్ పూయకండి, దాని మీద రంగు చేప కళ్ళలా గుంటలు గుంటలుగా విడిపోతుంది, ఎంత కడిగినా లోయల్లో మిగిలినది పట్టి పీడిస్తుంది. అచ్చుకి సిలికాన్ వాడిన చోట కూడా ఇదే భయం, రంగు వేసేటట్టయితే ఆ మూలని ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవండి.

పని పూర్తయిన రోజు దగ్గర కూర్చుని చూస్తే ప్రతి లోపం కనిపిస్తుంది, ఇంకాస్త చేద్దామని చేయి లాగుతుంది. ఆ రోజు ఆపేయండి. వారం తర్వాత సాయంత్రం పూట, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, నిలబడి ఆరడుగుల దూరం నుంచి చూడండి. అప్పుడు కూడా మీ కన్ను నేరుగా ఆ చోటికే వెళితే మళ్ళీ గన్ తీయండి, లేదంటే దాని జోలికి వెళ్ళకండి.